కంప్యూటరు పోటీ మన ప్రాంతములో జరుపుకొందాము



వ్యాసరచన పోటీ, వక్తృత్వ పోటీ, క్విజ్, కబడ్డీ మన ఊళ్ళలో ఏటా జరుగుతూనే ఉంటాయి. వాటిని ఎలా జరపాలో ఎవరూ మనకు చెప్పనక్కరలేదు. కాని హైస్కూలు పిల్లలకు కంప్యూటరు ప్రోగ్రాముల పోటీ అనగానే "అది పట్నం పిల్లల సంగతి, మనకెక్కడ కుదురుతుంది?" అని వెనుకడుగు వేస్తాము. బడిలో కంప్యూటర్లు ఉండవు. ఉన్నా ఆ గదికి తాళం వేసి ఉంటుంది. తాళం తీసిననాడు కరెంటు ఉండదు. ఈ మాటలలో నిజము లేకపోలేదు. అయినా ఈ పోటీ మన మండలములో, మన డివిజనులో జరపడానికి వీలున్నదే. ఎలాగో ఈ వ్యాసములో వివరంగా చూద్దాము.

ఇది ఎక్కడ మొదలైంది?

పాఠశాల విద్యార్థులకు ప్రపంచ స్థాయిలో జరిగే ప్రోగ్రామింగు పోటీని అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ అంటారు. బల్గేరియా దేశపు గణిత శాస్త్రవేత్త బ్లగొవెస్ట్ సెందొవ్ 1987లో యునెస్కో సభలో ఈ ఆలోచనను ప్రతిపాదించారు. మొదటి పోటీ 1989లో బల్గేరియాలోని ప్రావెట్స్ అనే చిన్న పట్టణములో జరిగింది. అప్పుడు వచ్చినవి 13 దేశాలే. తరువాత ప్రతి సంవత్సరము ఒక్కొక్క దేశములో జరుగుతూ వచ్చింది. 2024లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో, 2025లో బొలీవియాలోని సుక్రేలో జరిగింది.

ఈ పోటీకి ఒక్కొక్క దేశము నలుగురు విద్యార్థులను పంపవచ్చును. పోటీ రెండు రోజులు. రోజుకు 5 గంటల సమయము, 3 సమస్యలు. వచ్చిన వారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక పతకము దక్కుతుంది. ఒక్కడే గెలిచి మిగిలినవారంతా ఓడిపోయే పోటీ కాదన్నమాట. ఈ సంగతిని మనము చిన్న పోటీ జరిపేటప్పుడు కూడా మనసులో ఉంచుకోవాలి.

మన దేశము 2002 నుండి ఇందులో పాల్గొంటోంది. ఇండియన్ అసోసియేషన్ ఫర్ రీసెర్చ్ ఇన్ కంప్యూటింగ్ సైన్స్ అనే సంస్థ ఈ ఎంపికల బాధ్యత తీసుకున్నది. చెన్నై మ్యాథమాటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అధ్యాపకులు ఈ పనిలో ముందు నిలిచారు. ప్రాంతీయ పరీక్ష, జాతీయ పరీక్ష, శిక్షణ శిబిరము, చివరకు నలుగురి జట్టు. ఇదీ వారు నడిపిన మెట్ల వరుస.

ఆ ప్రాంతీయ మెట్టులో మన పల్లెలకు పనికివచ్చే విషయము ఒకటి ఉన్నది. జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పేరుతో అనేక సంవత్సరాలు జరిపిన ఆ పరీక్షలో కంప్యూటరు లేదు! విద్యార్థి కాగితము, పెన్సిలు పట్టుకొని ఆలోచించి జవాబు రాస్తాడు. ప్రోగ్రాము రాయడం వచ్చి ఉండనక్కరలేదు. ఒక్కొక్క ప్రశ్నకు మూడు భాగాలు. మొదటి దానిలో చిన్న లెక్క, రెండవ దానిలో కొంచెం పెద్దది, మూడవ దానిలో ఇంకా పెద్దది. మొదటిది ఎలాగో ఒకలాగు చేసినవాడు కూడా మూడవ దాని దగ్గరికి వచ్చేసరికి ఒక పద్ధతి కనిపెట్టక తప్పదు. ఆ పద్ధతి కనిపెట్టడమే ప్రోగ్రామింగుకు ప్రాణము. మీటలు నొక్కడం తరువాత నేర్చుకోవచ్చును.

ఒక ఉదాహరణ

మాటలతో చెబితే అర్థము కాదు కాబట్టి ఒక ప్రశ్న చూద్దాము. మీ ఇంట్లో ఎనిమిదవ తరగతి చదివే అబ్బాయి గాని అమ్మాయి గాని ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక గట్టు మీద వరుసగా 5 కొబ్బరి చెట్లున్నాయి. వాటికి వరుసగా 6, 9, 7, 2, 5 గెలలున్నాయి. షరతు ఏమిటంటే పక్కపక్కనే ఉన్న రెండు చెట్ల గెలలు దింపకూడదు. అన్నిటికంటే ఎక్కువ గెలలు రావాలంటే ఏ చెట్లు ఎక్కాలి?

చాలామంది పిల్లలు ముందుగా 9 గెలల చెట్టును ఎంచుకొంటారు. అప్పుడు దాని పక్కనున్న 6, 7 పోతాయి. మిగిలిన 2, 5లలో 5 తీసుకొంటే మొత్తము 14. చూడడానికి బాగానే ఉంది. కాని 6, 7, 5 చెట్లను ఎంచుకొన్నవారికి 18 గెలలు వస్తాయి. కంటికి పెద్దగా కనబడినదాన్ని ముందు పట్టుకొన్నవాడికి చివరికి తక్కువే మిగిలింది.

సరే, 5 చెట్లయితే అన్ని విధాలా ఎంచి చూడవచ్చును. 20 చెట్లుంటే? ఒక్కొక్క చెట్టు ఎక్కాలా, వద్దా అని చూసుకుంటూ పోతే మొత్తము 10,48,576 విధాలవుతాయి. కాగితము మీద అది కుదరదు. పద్ధతి కావాలి. ఆ పద్ధతి ఇది.

ఎడమనుండి ఒక్కొక్క చెట్టు దగ్గర ఆగి, "ఇక్కడిదాకా వచ్చిన చెట్లతో ఎక్కువలో ఎక్కువ ఎన్ని గెలలు వస్తాయి?" అని రాసుకుంటూ పోవాలి. మొదటి చెట్టు దగ్గర 6. రెండవ దాని దగ్గర 6, 9లలో పెద్దదైన 9. మూడవ దాని దగ్గర రెండే దారులు. ఈ చెట్టు వదిలేస్తే వెనుకటి 9 అలాగే ఉంటుంది. ఎక్కితే దీని 7, ఒక చెట్టు విడిచి వెనుకనున్న 6 కలిపి 13 అవుతుంది. కాబట్టి 13 రాస్తాము. నాలుగవ దాని దగ్గర వదిలితే 13, ఎక్కితే 2, 9 కలిపి 11. కాబట్టి 13. అయిదవ దాని దగ్గర వదిలితే 13, ఎక్కితే 5, 13 కలిపి 18. జవాబు 18.

20 చెట్లయినా 20 అడుగులే. లక్ష చెట్లయినా లక్ష అడుగులే. ఈ పద్ధతి తెలిసిన పిల్లవాడు దానిని తరువాత ఏ కంప్యూటరు భాషలోనైనా నాలుగైదు వరుసలలో రాసుకోగలడు. పద్ధతి తెలియనివాడికి ఎంత ఖరీదైన కంప్యూటరు కొనిచ్చినా ఈ జవాబు దానంతట అది రాదు.

ఎవరు జరపాలి? ఎప్పుడు జరపాలి?

ఈ పనికి అయిదుగురు చాలు. ఒక ప్రధానోపాధ్యాయుడు లేక ప్రధానోపాధ్యాయురాలు, ఒక లెక్కల మాష్టారు, దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో గాని డిగ్రీ కాలేజీలో గాని కంప్యూటరు చెప్పే అధ్యాపకులు ఒకరు, ఖర్చులు చూసుకొనేవారు ఒకరు, పిల్లల రాకపోకలు, భోజనము చూసుకొనేవారు ఒకరు. మీ ఊరినుండి వెళ్ళి ఇంజనీరింగు చదువుతున్న యౌవనస్థులు ఉంటే వారిని తప్పక పిలవండి. 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణాలు మొదలైనప్పటినుండి పల్లెటూరి బడిలో పదవ తరగతి చదివి కంప్యూటరు చదువులోకి వెళ్ళిన పిల్లలు మన మధ్య ఎందరో ఉన్నారు. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఏది కష్టముగా ఉంటుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కంప్యూటర్లు కాలేజీలో ఉంటాయి. సెలవు దినాలలో ఆ గది ఖాళీగా ఉంటుంది. ప్రిన్సిపాలు గారికి మూడు నెలల ముందే ఉత్తరము రాసి, వెళ్ళి కలిసి అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు.

తేదీ నిర్ణయించేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. పదవ తరగతి పరీక్షలు దగ్గరలో ఉండకూడదు. త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షల వారాలు తగలకూడదు. నాట్లు, కోతలు ముమ్మరముగా ఉన్న రోజులలో పొలానికి వెళ్ళే పిల్లలు రాలేరు. ఆదివారము పెడితే ఆరాధన వదులుకొని రావలసినవారు ఉంటారు. ఇవన్నీ చూసుకొంటే వానలు తగ్గిన తరువాత, సంక్రాంతికి ముందు ఏదో ఒక రెండవ శనివారము అనుకూలముగా ఉంటుంది.

ముందుగా మూడు శనివారాలు

పోటీ నాడే పిల్లవాణ్ణి తొలిసారి కంప్యూటరు ముందు కూర్చోబెడితే అది పోటీ కాదు, శిక్ష. ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లవాడు చకచక టైపు చేస్తూ ఉంటే, ఇతడు అక్షరాలు వెదుక్కోవడములోనే సమయము గడిపేస్తాడు. తెలివి లేక కాదు, అలవాటు లేక. అందుచేత పోటీకి ముందు మూడు శనివారాలు అభ్యాసము పెట్టండి.

మొదటి శనివారము కంప్యూటరు అక్కరలేదు. బడి ఆవరణ చాలును. "1 నుండి 1,000 లోపల ఒక సంఖ్య తలచుకొన్నాను, అవును, కాదు అనే జవాబులతో కనుక్కోండి" అని అడగండి. ప్రతి ప్రశ్నతో సగము సంఖ్యలను కొట్టివేసేవాడు 10 ప్రశ్నలలో తప్పక పట్టుకొంటాడు. ఒకటి, రెండు, మూడు అని అడుగుతూ పోయేవాడికి ఎంతసేపు పడుతుందో పిల్లలే చూస్తారు.

తరువాత నేల మీద సుద్దముక్కతో గీతలు గీయండి. న్యూజీలాండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు కంప్యూటరు లేకుండా కంప్యూటరు శాస్త్రము నేర్పే ఆటలు కొన్ని తయారుచేశారు. వాటిలో ఇది ఒకటి. ఆరుగురు పిల్లలు ఆరు సంఖ్యల చీట్లు పట్టుకొని ఒక వైపు నిలబడతారు. గీతల వెంట నడుస్తూ, ఒక్కొక్క వలయములో ఇద్దరేసి కలుసుకొంటారు. చిన్న సంఖ్యగలవారు ఎడమకు, పెద్ద సంఖ్యగలవారు కుడికి వెళ్తారు. గీతలు సరిగా గీసి ఉంటే అవతలి గట్టుకు చేరేసరికి ఆరుగురూ వరుస క్రమములో నిలబడి ఉంటారు. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. అయినా క్రమము వచ్చింది! ఆ ఆశ్చర్యము పిల్లలను రెండవ శనివారానికి రప్పిస్తుంది.

రెండవ, మూడవ శనివారాలు కంప్యూటరు దగ్గర. పైథాన్ భాషలో సంఖ్యలు చదవడం, కూడడం, షరతు పెట్టడం, ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం, జవాబు అచ్చువేయించడం. ఈ అయిదు వస్తే మొదటి పోటీకి చాలును. సి, సి ప్లస్ ప్లస్ తెలిసిన పిల్లలు ఉంటే వాటిలో రాయనివ్వండి. ఒక ముఖ్యమైన హెచ్చరిక. జవాబు 18 అయితే కంప్యూటరు 18 అని మాత్రమే చూపించాలి. పిల్లలు ముచ్చటగా "మీ జవాబు 18 అండీ" అని రాయిస్తారు. దిద్దే యంత్రము దానిని తప్పు అంటుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వలన మంచి ప్రోగ్రాము రాసిన పిల్లలకు సున్నా రాకూడదు.

ప్రశ్నాపత్రము తయారీ

ఈ పని అంతటిలో ఎక్కువ బాధ్యత గలది ఇదే. నాలుగు కాగితపు ప్రశ్నలు, ఒక్కొక్క దానికి మూడు భాగాలు, భాగానికి 5 మార్కులు. మొత్తము 60. మధ్యాహ్నము కంప్యూటరు మీద రెండు ప్రశ్నలు. ఒక్కొక్క దానిని 10 రకాల సంఖ్యలతో పరీక్షించి, పరీక్షకు 2 మార్కుల చొప్పున ఇస్తే 40. అన్నీ కలిపి 100. కాగితపు భాగానికి ఎక్కువ మార్కులు ఉంచడానికి కారణము మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆ భాగములో కంప్యూటరున్న ఇంటి బిడ్డ, లేని ఇంటి బిడ్డ ఒకే గీత మీద నిలబడతారు.

కంప్యూటరు ప్రశ్నలను ఎవరూ చదివి దిద్దరు. విద్యార్థి రాసిన ప్రోగ్రాముకు మనము దాచి ఉంచిన సంఖ్యలు ఇస్తాము. అది ఇచ్చిన జవాబును సరైన జవాబుతో యంత్రమే పోల్చి చూస్తుంది. కాబట్టి ఆ దాచి ఉంచిన సంఖ్యలను ఎంతో జాగ్రత్తగా ఎంచుకోవాలి. కొబ్బరి చెట్ల ప్రశ్ననే తీసుకోండి. ఒకే ఒక చెట్టు ఉంటే ఏమవుతుంది? రెండే ఉంటే? అన్నిటికీ సమానముగా గెలలుంటే? అసలు కాయని చెట్టు ఉంటే? లక్ష చెట్లుంటే? ఇవన్నీ అందులో ఉండాలి.

సమయపు హద్దు కూడా పెట్టాలి. ఎందుకంటే నెమ్మదిగా చేసే పద్ధతికి, చురుకుగా చేసే పద్ధతికి తేడా అక్కడే తెలుస్తుంది. లక్షమంది పేర్ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు ఉందా అని చూడాలనుకోండి. ప్రతి పేరును మిగిలిన ప్రతి పేరుతో పోలిస్తే దాదాపు 500 కోట్ల పోలికలు. సెకనుకు 10 కోట్ల చొప్పున చేసినా 50 సెకన్లు. అదే ముందుగా పేర్లను అక్షర క్రమములో అమర్చుకొంటే 17 లక్షలకు అటూ ఇటూ పోలికలతో సరిపోతుంది. తరువాత పక్కపక్కనున్న పేర్లు చూస్తే చాలు. ఒక సెకను కూడా పట్టదు. అయితే పైథాన్ కొంచెం నిదానముగా నడిచే భాష గనుక దానిలో రాసేవారికి అన్యాయము జరుగకుండా హద్దును ఉదారముగా పెట్టండి.

ప్రశ్న తయారుచేసినవారు కాక మరొకరు, జవాబు చూడకుండా, ప్రతి ప్రశ్నను మొదటినుండి చేసి చూడాలి. ఇద్దరి జవాబులు కలిస్తేనే ఆ ప్రశ్న ఉంచండి. కలవకపోతే ఎంత ముద్దొచ్చే ప్రశ్నయినా తీసివేయండి. పోటీ నిర్వహణలో పెద్దలు చేసే తప్పుకు పిల్లవాడు మూల్యము చెల్లించకూడదు.

తెలుగులో ప్రశ్నలు

అంతర్జాతీయ పోటీలోనే పోటీకి ముందు రాత్రి ప్రతి దేశపు నాయకులు కూర్చొని ప్రశ్నలను తమ పిల్లల భాషలోకి మార్చుకొంటారు. ఉదయము విద్యార్థి తన మాతృభాషలోనే ప్రశ్న చదువుకోవచ్చును. ప్రపంచ స్థాయిలో తప్పుకానిది మన మండల స్థాయిలో తప్పవుతుందా? ఒక పేజీలో ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు అచ్చు వేయించండి. మనము పరీక్షిస్తున్నది ఆలోచనను, ఇంగ్లీషును కాదు. అయితే తెలుగు వాక్యాలు సూటిగా, చిన్నవిగా ఉండాలి. "ఎక్కువ" అన్నప్పుడు సమానమైనది కూడా వస్తుందా, రాదా అన్నది స్పష్టముగా చెప్పాలి. ఇరువైపులా ఒకే అర్థము వస్తున్నదా అని తెలుగు మాష్టారు ఒకరికి చూపించండి.

యంత్రాల గది

40 మంది పిల్లలు, 24 కంప్యూటర్లు ఉన్నాయనుకొందాము. 20 వాడండి, 4 పక్కన సిద్ధముగా ఉంచండి. ఏదో ఒకటి మొరాయించక మానదు. దిద్దే సాఫ్ట్‌వేరు ఉచితముగానే దొరుకుతుంది. ఇటలీలో 2012లో జరిగిన అంతర్జాతీయ పోటీలో వాడిన సి.ఎం.ఎస్. అనేది ఒకటి. కాలేజీ పోటీలలో వాడే డామ్‌జడ్జ్ మరొకటి. వీటిని గదిలోని ఒక కంప్యూటరులో పెట్టి, మిగిలిన వాటికి తీగలతో కలిపితే ఇంటర్నెట్ అవసరమే లేదు.

నిజానికి ఇంటర్నెట్ లేకపోవడమే మేలు. ఇప్పుడు కృత్రిమ మేధ పరికరాలు ఇలాంటి చిన్న ప్రోగ్రాములను అడిగిన వెంటనే రాసి ఇస్తాయి. కనుక ఫోనులన్నీ ద్వారము దగ్గర పేరు రాసిన కవరులో పెట్టించి చీటీ ఇవ్వండి. "యంత్రమే రాసిపెడుతుంటే మా పిల్లలు నేర్చుకోవడమెందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. లెక్కలు చేసే యంత్రము వచ్చిందని ఎక్కాలు మానిపించలేదు కదా! యంత్రము 14 అని చెప్పినప్పుడు "కాదు, 18 వస్తుంది" అని పట్టుకోగలిగే మనిషి ఎప్పుడూ కావాలి.

కరెంటు విషయములో ధీమా పనికిరాదు. జనరేటరు ఉందా, డీజిలు ఉందా, అది నడిపే మనిషి ఆ రోజు వస్తాడా? మూడూ చూడండి. యు.పి.ఎస్. బ్యాటరీలను వారము ముందు పరీక్షించండి. పది నిమిషాలకొకసారి పిల్లలు తాము రాసినది భద్రపరచుకోవాలని గంట కొట్టి గుర్తుచేయండి. కరెంటు పోయిన నిమిషాలను పలక మీద రాసి, అంత సమయమును చివర అందరికీ కలపండి.

పోటీ రోజు

ఉదయము 9.30 నుండి 11.30 వరకు అందరికీ కాగితపు పరీక్ష. తరువాత భోజనము. 12.15 నుండి 1.45 వరకు మొదటి 20 మంది కంప్యూటర్ల దగ్గర. ఆ సమయములో రెండవ 20 మంది ఆవరణలో సుద్దముక్క ఆటలు ఆడుతారు. 2 గంటలకు వీరు లోపలికి వెళ్తారు, వారు మరొక ద్వారము గుండా బయటికి వస్తారు. రెండవ జట్టు కూర్చొనేవరకు ఇద్దరూ కలిసి మాట్లాడుకోకూడదు. లేకపోతే ప్రశ్నలు బయటికి వచ్చేస్తాయి. 3.30కి పోటీ ముగుస్తుంది. ఆ తరువాత అరగంట అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ప్రశ్నలను ఎలా చేయవచ్చునో పలక మీద వివరించండి. చాలామంది పిల్లలు ఆ రోజు ఎక్కువ నేర్చుకొనేది ఈ అరగంటలోనే. 4.30కల్లా బస్సులు కదలాలి. చీకటి పడకముందే పిల్లలు ఇళ్ళు చేరాలి.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకముగా చెప్పాలి. "అంత దూరము పంపము" అనే మాట దగ్గరే వారి పోటీ ముగిసిపోతుంది. ప్రతి బడినుండి ఒక ఉపాధ్యాయురాలు వెంట వస్తారని, మరుగుదొడ్లు శుభ్రముగా ఉన్నాయని, ఎన్ని గంటలకు ఇంటికి చేరుతారని తల్లిదండ్రులకు ముందుగా కాగితము మీద రాసి పంపండి. ఒక్కొక్క బడినుండి నలుగురిని పిలిస్తే, అందులో ఇద్దరు బాలికలు ఉండాలని నియమము పెట్టండి. చూపు తక్కువగా ఉన్న బిడ్డకు పెద్ద అక్షరాల ప్రశ్నాపత్రము, అదనపు సమయము ఇవ్వండి.

ఇక ఖర్చు. ప్రవేశ రుసుము పెట్టకండి. పది రూపాయలైనా అడగలేక ఆగిపోయే పిల్లలు ఉన్నారు. కావలసినవి కాగితాలు, జిరాక్సులు, బస్సు ఛార్జీలు, భోజనము, డీజిలు, ప్రశంసా పత్రాలు. భోజనము ఊరివారు వండి తెచ్చినా, బస్సు ఛార్జీలు బడి పూర్వ విద్యార్థులు భరించినా చాలా భారము తగ్గుతుంది. వసూలైన ప్రతి రూపాయికి లెక్క రాసి, ముగిసిన వారములో అన్ని బడులకు పంపండి. వచ్చే ఏడు అడగడానికి అదే మీకు ముఖము.

పేరు కనబడకూడదు

ఒక నియమము విషయములో ఏమాత్రము మెత్తబడకండి. జవాబు పత్రము మీద విద్యార్థి పేరు గాని, ఇంటిపేరు గాని, బడి పేరు గాని, ఊరి పేరు గాని ఉండకూడదు. అంకె మాత్రమే ఉండాలి. మన సమాజములో ఇంటిపేరు చూసి ఏ పేటవాడో చెప్పగలవారున్నారు. ఏ బడో తెలిస్తే "ప్రభుత్వ బడి పిల్లవాడికి ఇంత ఎలా తెలుసు, చూసి రాశాడేమో" అనుకొనేవారూ ఉన్నారు. పేరుకు, అంకెకు సంబంధము చూపే పట్టీని ఒకరి దగ్గర కవరులో అంటించి ఉంచి, మార్కులన్నీ ఖాయమైన తరువాతనే అందరి ముందు తెరవండి. కంప్యూటరుకు ఎవరి కులము, ఎవరి స్థోమత తెలియవు. 10 పరీక్షలలో 8 నెగ్గితే 16 మార్కులు వేస్తుంది. ఆ నిష్పక్షపాతము దిద్దే మనుషులలో కూడా ఉండాలి.

మార్కులు చెప్పిన తరువాత అరగంట సేపు ఎవరైనా తమ పత్రమును అడిగి చూసుకోవచ్చునని ప్రకటించండి. ప్రశ్నలోనే తప్పు ఉన్నదని తేలితే అడిగిన ఒక్కరికే కాక అందరికీ తిరిగి దిద్దండి. మొదటి పదిమంది పేర్లు మాత్రమే పైకి చదవండి. మిగిలినవారికి వారి మార్కుల చీటీ వారి చేతికే ఇవ్వండి. నలుగురిలో చివరి పేరుగా వినిపించిన బిడ్డ మళ్ళీ రాడు. బహుమతిగా డబ్బుకంటె పుస్తకాలు మేలు. ప్రశంసా పత్రము మాత్రము వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవ్వండి.

తల్లిదండ్రులతో ఒక మాట

"ఈ పోటీల వలన పదవ తరగతి మార్కులు తగ్గిపోవా?" అని మీకు భయము ఉండవచ్చును. మూడు శనివారాలు, ఒక పోటీ రోజు. ఇంతే కదా. పదవ తరగతి పిల్లలకు బరువనుకొంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల వారిని పంపండి. అసలు ఈ వయస్సులో మొదలుపెట్టినవారికే తరువాతి మెట్లు ఎక్కడానికి సమయము ఉంటుంది. అంతర్జాతీయ పోటీకి 20 ఏళ్ళు దాటనివారు, ఇంకా పాఠశాల చదువులో ఉన్నవారు అర్హులు. మన ఇంటర్మీడియట్ కూడా అందులోకే వస్తుంది. జాతీయ స్థాయి పరీక్షల ఏర్పాట్లు ఏటికేడు మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటన చూసి, చివరి తేదీకి ముందే పేరు నమోదు చేయించండి. ఇంకా చిన్న తరగతుల పిల్లలకు బీబ్రస్ అనే పోటీ ఉన్నది. 2004లో లిథువేనియా దేశములో ఆచార్య వాలెంటీనా డాగియెనె ప్రారంభించారు. బీబ్రస్ అంటే వారి భాషలో నీటికి ఆనకట్టలు కట్టే బీవరు అనే జంతువు. అందులోనూ ప్రోగ్రాము రాయనక్కరలేదు, ఆలోచిస్తే చాలు. మన దేశములోని పాఠశాలలు కూడా అందులో పాల్గొంటున్నాయి.

బిడ్డ ఇంటికి రాగానే "ఎన్నో ర్యాంకు?" అని అడగకండి. "ఏ ప్రశ్న బాగుంది? నాకూ చెప్పు" అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. కొబ్బరి చెట్ల లెక్క మీకూ అర్థమవుతుంది. అమ్మకు, నాన్నకు అర్థమయ్యేలా చెప్పగలిగిన బిడ్డకు ఆ పద్ధతి ఇక జీవితములో మరచిపోయేది కాదు.

మొదటి ఏడు 40 మంది రాకపోవచ్చును. నాలుగు బడులనుండి 12 మంది వచ్చినా మొదలుపెట్టండి. కంప్యూటర్లు దొరకకపోతే కాగితపు భాగము మాత్రమే జరపండి. అది కూడా పూర్తి పోటీయే. ఈ వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన వారములో మీ ఊరి లెక్కల మాష్టారిని కలవండి. ఈ వ్యాసము ఆయన చేతికిచ్చి, "మన పిల్లలకు ఇది చేయగలమా అండీ?" అని అడగండి. మిగిలిన నలుగురిని కూడగట్టడం ఆ తరువాత పెద్ద కష్టము కాదు.